గడపకు రంగు

శుక్రవారాల్లో మా సహస్రనామ పారాయణ వన్ టౌన్‌లోని ఒక పాత ఇంట్లో జరుగుతుంది. సీతమ్మధార నుంచి ఆటోలో వెళ్లి, ఆ సందు నడిచేసరికే నాకు సగం ఓపిక అయిపోతుంది. అయినా ఆ ఇంటి గుమ్మం దగ్గర కాసేపు నిలబడాలనిపిస్తుంది. ఓడలో వచ్చిన బర్మా టేకు అది. ఇనుప మేకు ఒక్కటి లేదు, చెక్కలో చెక్క దూర్చి బిగించారు. గడప పొడవునా ఒక తీగ చెక్కారు. ఆకుల మధ్య మొగ్గలు, మొగ్గల మీద రేకుల గీతలు. ఇవాళ్టికీ వేలికి తగులుతాయి.

అవి అలా నిలవడం ఊరికే జరగలేదు. పోర్టు నుంచి వచ్చే బొగ్గుపొడి పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి మళ్లీ పేరుకుంటుంది. అది తుడిచేదీ, వానలకు ముందు తలుపులకి నూనె పట్టించేదీ, శుక్రవారం గడప కడిగి పసుపు రాసేదీ ఆ ఇంటావిడే. నాకంటే పెద్దది. ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం.

మొన్న పారాయణ అయ్యాక ప్రసాదం పెడుతూ, గుమ్మం పక్కనున్న పసుపు పెయింటు డబ్బా చూపించింది. కొడుకు తెచ్చాడట. ఒకసారి రంగు వేసి, పైన తెల్ల ముగ్గు, ఎర్ర బొట్లు దిద్దిస్తే ఇక వారం వారం వంగక్కర్లేదు. ఊళ్లో సగం గడపలు ఇప్పుడు అలాగే ఉన్నాయి.

"నాను వొంగలేకపోతన్నాను వదినా. పసుపు బదులు రంగేత్తే పాపమేటి? పురాణాలు సదివినదానివి, నువ్వు సెప్పు."

అచ్యుతాపురం ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని అప్పుడే వచ్చిన కోడలు లోపలి నుంచి అంది: "శాస్త్రం సెప్పినోలొచ్చి పసుపు రాసెల్తారేటత్తా?"

అందరూ నా వైపు చూశారు. పాపమంటే చాలు, ఆవిడ రంగు వేయించదు, ఆ తీగ మిగులుతుంది. మాట నోటిదాకా వచ్చింది. కానీ నాకు నచ్చిన చెక్కడం కోసం దేవుడి పేరు వాడుకోలేకపోయాను. పాపం కాదన్నాను. పెయింటు గీతల్లోకి దిగితే మొగ్గలు ఇక కనపడవని కూడా చెప్పాను.

"తెలుసులే," అంది వదిన. రంగు ఆదివారం వేస్తారట.

తర్వాత పీట తెప్పించుకుని, నా భుజం పట్టుకుని మెల్లగా కూర్చుంది. కొబ్బరి ఈనెతో గడప కొసనున్న మొగ్గలో గట్టిపడిన పాత పసుపు గీకడం మొదలుపెట్టింది. ఎలాగూ రంగు కిందికి పోయేదానికి ఇప్పుడెందుకని కోడలు అడిగింది.

"గడపంటే లచ్మి. మురికి మీదే రంగేత్తామేటే?"

నాకూ ఒక ఈనె ఇచ్చింది. గడప రెండో కొసన కూలబడ్డాను. మధ్యకి వచ్చేసరికి ఇద్దరికీ నడుములు పట్టేశాయి.