చింతపండు జాడీలో తూటాలు

"కాలవ నీ అబ్బ సొత్తారా?" అన్నాడు మా పెద్దోడు.

"అవును, మా అబ్బ సొత్తే. నీ అబ్బ ఎవరో కనుక్కో పో!" అన్నాడు మా చిన్నోడు.

ఇద్దరి అబ్బా నా మొగుడే. ఈ మాటలు వినాల్సిన పని లేకుండా ఆయన ముందే వెళ్ళిపోయాడు. వినడానికి నేను మిగిలాను.

కొడవలూరుకు తూర్పున, సముద్రం వైపు మా ఊరు. ఒకే వాకిట్లో కొడుకులవి రెండిళ్ళు, నడుమ నా వసారా. ఇద్దరికీ రొయ్యల గుంటలున్నాయి. పెద్దోడి గుంటలో రొయ్యలకు తెగులు తగిలింది. వాడు ఆ నీళ్ళు కాలవలోకి వదిలాడు. ఆ కాలవలోంచే చిన్నోడు మోటారు పెట్టి తన గుంటకు నీళ్ళు తోడుకుంటాడు. అదీ ఆ సాయంత్రం గొడవ.

"రోగం నీళ్ళు నా గుంటకు తోలి మళ్ళా నా మీదికే వస్తుండావా అన్నా?"

"నీ గుంటకు నేనెందుకు తోల్తా? కాలవలోకి ఒదిలినా. నిన్నెవరు తోడుకోమన్నారు?"

"మరి రొయ్యలకు క్యాన్ నీళ్ళు కొని పోయమంటావా?"

"నోరెక్కువైంది నీకు. ఉండు, తుపాకీ తెస్తా."

"తే. తుడిచి తే. పోయినసారి తుప్పంతా వాకిట్లో రాలితే మా ఇంట్లో మనిషి ఊడ్చుకునింది."

ఆ తుపాకీ మా మామ నాటిది. ఒంటిగొట్టంది. పైరు మీద పడే అడవి పందుల కోసమని ఆయన లైసెన్సు తీసుకున్నాడు. ఆయన తర్వాత మా ఆయన పేరుకు, ఆ తర్వాత పెద్దోడి పేరుకు మారింది. ముగ్గురి చేతుల్లోనూ దాని దెబ్బకు పడిందల్లా ఒక కొబ్బరికాయ. వరి పోయి రొయ్యలొచ్చాక పందుల బెడద కూడా లేదు. అయినా పెద్దోడు లైసెన్సు మాత్రం రెన్యువల్ చేయిస్తూనే ఉన్నాడు. ఎలక్షన్లొస్తే తుపాకులన్నీ స్టేషన్లో పెట్టాలి. అందుకని ఎలక్షన్లంటే నాకు ప్రాణం హాయిగా ఉండేది. ఎవరు గెలిచినా సరే, అన్నాళ్ళూ అది మా ఇంట్లో ఉండదు.

పెద్దోడికి అది ఊతపదమైపోయింది. కరెంటు పోతే తుపాకీ తెస్తా. మోటారు ఆగితే తుపాకీ తెస్తా. పులుసులో ఉప్పు తక్కువైందని పెళ్ళాంతో కూడా అదే మాట. మేము నవ్వేవాళ్ళం. కోడలు నవ్వేది కాదు. తలకాయ వంచుకొని ఉప్పు డబ్బా తెచ్చి పక్కన పెట్టేది. అది గమనించాక నేను తూటాలు తీసి దాచేశాను.

దాచింది పాత చింతపండు జాడీ అడుగున. వంటింటి గడప దాటి లోపలికొచ్చే రకం కాదు మా పెద్దోడు. గుడ్డలో చుట్టి పెడదామనుకున్నాను గానీ, బాగున్న గుడ్డను పాడుచేయడం ఎందుకని చింతపండులోకే అట్లాగే కుక్కాను.

"మా, తూటాలు యాడ?" అని అరిచాడు పెద్దోడు లోపల్నించి.

"నేనేమన్నా పందుల్ని కొడతానా? నాకేం తెలుసు?" అన్నాను. "పొద్దుగూకింది. ప్రార్థనకు రండి ఇద్దరూ. అయినాక చంపుకుందురు."

నేను చదివింది మూడో తరగతి. అయినా కుటుంబ ప్రార్థన విషయంలో నా మాటకు ఎదురు లేదు. దీపాల వేళకు రెండిళ్ళవాళ్ళూ నా వసారాలో ఒకే చాప మీద కూర్చోవాలి. చిన్నాపెద్దా అందరూ వరసగా నోరు తెరిచి ప్రార్థన చేయాలి. ఒకరు చేస్తుండగా ఇంకొకరు కళ్ళు తెరవకూడదు, నడుమ మాట్లాడకూడదు. పాలు పొంగి దండగైపోతాయని పొయ్యి కూడా నేను ముందే ఆపేస్తాను.

అన్నదమ్ములు ఆ కొసన ఒకడు, ఈ కొసన ఒకడు కూర్చున్నారు. నా ప్రార్థన అయింది. కోడళ్ళవి అయినాయి. పెద్దోడి కూతురి వంతు వచ్చింది. రెండో తరగతి చదువుతోంది.

"ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రం. నాన్న చిన్నాన్నను కాల్చకుండా చూడు తండ్రీ. కాల్చినా చిన్న దెబ్బే తగిలేటట్టు చూడు. తూటాలు చింతపండు జాడీలో ఉండాయని నేను నాన్నకు చెప్పను తండ్రీ, అవ్వ తిడతాది."

కళ్ళు తెరిచి పెద్దోడి మొహం చూడబోయి ఆగాను. కళ్ళు తెరవకూడదన్న రూలు పెట్టింది నేనే.

"బెల్లం కోసం ఎతుకుతుంటే కనపడినాయి తండ్రీ, క్షమించు. బీరువా తాళం నాన్న బైబిలు సంచిలో ఉండాది. ఆయన బైబిలు తీయడు గదా. నిన్న నేను, తమ్ముడు తుపాకీ బైటికి తీసినాం."

తమ్ముడంటే చిన్నోడి కొడుకు. ఇంకా అంగన్‌వాడీకి పోయేవాడు.

"తమ్ముడి చేతులు చిన్నవని నేనే పట్టుకున్నా. నాన్న మాదిరే మధ్యలో వంచినా. వాడు తూటా పెట్టినాడు. చింతపండు అంటుకొని లోపలికి పోలేదు తండ్రీ. అందుకని మళ్ళా బీరువాలో పెట్టేసినాం. చింతపండు ఇచ్చినందుకు నీకు వందనాలు. రేపు లెక్కల పరీక్ష. ఆమేన్."

చిన్నోడి కొడుకు ఒక్కడే గట్టిగా "ఆమేన్" అన్నాడు.

కళ్ళు తెరిచాను. చిన్నోడు అప్పటికే కొడుకును ఒళ్ళోకి లాక్కొని, వాడి వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసుకుంటున్నాడు. పెద్దోడు చాప వైపు చూస్తున్నాడు. వాడి పెళ్ళాం లేచి వంటింట్లోకి పోయి, జాడీ తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

పెద్దోడు చెయ్యి పెట్టి తీశాడు. నల్లటి ముద్ద, దాంట్లో తూటాలు. ఉబ్బి, పీచు పట్టుకొని ఉన్నాయి.

"మా, మొన్న చేపల పులుసు ఈ చింతపండుతోనే పెట్టినావా?" అన్నాడు చిన్నోడు.

"పైదాంతో పెట్టినా. అడుగుది ముట్టలేదు."

"అదీ సంగతి. ఆ పూట కడుపులో ఢామ్మన్నప్పుడే అనుకున్నా."

పెద్దోడు నవ్వబోయి మానుకున్నాడు.

"రేపు పొద్దున దాన్ని స్టేషన్లో ఇచ్చేసిరా" అన్నాను.

"ఎలక్షన్లు లేవు గదా మా?"

"లేకపోతే పుచ్చుకోమంటారా? లైసెన్సు కూడా వద్దని చెప్పిరా."

"తాత నాటిది మా. ఊళ్ళో మర్యాద..."

"నీ మర్యాద నిన్న నీ కూతురి చేతిలో ఉండింది."

వాడు తూటాల ముద్దను మళ్ళా జాడీలో పెట్టాడు. "పందులొస్తే?" అన్నాడు చివరికి.

"రొయ్యలు తినే పంది వస్తే నన్ను లేపు. నేను మాట్లాడతా దాంతో."

పిల్ల తండ్రి మోకాలు పట్టుకొని ఊపింది. "ప్రార్థన తప్పు చేసినానా నాన్నా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. బైబిలు సంచిలోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు. ఆ రాత్రి తాళం నా నడుము దగ్గరే ఉంది. బెల్లం జాగా కూడా మార్చాను.

పొద్దున తుపాకీని పాత పంచెలో చుట్టాం. తూటాలు కడగొద్దన్నాడు పెద్దోడు. గోకి డబ్బాలో పోసి ఇచ్చాను. బండి తోలుతూ తుపాకీ పట్టుకోవడం ఒక్కడి వల్ల కాదు. చిన్నోడు తోలాడు, పెద్దోడు వెనక కూర్చుని పట్టుకున్నాడు. వీధి మలుపు దాకా వాళ్ళ గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి.

"నీళ్ళు ఒదిలే ముందు ఒక్క ఫోన్ కొట్టుంటే ఏం పోయింది అన్నా?"

"నువ్వు ఎత్తితే గదా!"

పిల్ల పరీక్షకు పోయింది. అడుగు చింతపండు వంటకు పనికిరాదు, పారేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇంట్లో ఉన్న ఇత్తడి బిందెలూ చెంబులూ అన్నీ బయటేసి దాంతో తోమాను. పెద్ద కోడలు నీళ్ళు పోసింది. అవి వాకిట్లో బోర్లించేసరికి కొడుకులు తిరిగొచ్చారు. పెద్దోడి భుజం మీద ఉత్త పంచె ఉంది. తీసుకొని, తుప్పు మరకలు పోయేదాకా ఉతికి ఆరేశాను.