శనివారం ఇనుము

అన్న పోయి నెల దాటింది. మొన్న పాత ఇనుము కొనే మనిషి ఒకతను ట్రాలీ ఆటో వేసుకుని మా ఊరికి వచ్చాడు. మా గేటు ముందు ఆగి, పెరట్లో సొరపాదు పందిరిని చాలాసేపు చూసి, లోపలికి రావచ్చా అని అడిగాడు. వచ్చి, పందిరి గుంజ ఒకదాన్ని చేతిలోని పానాతో తట్టాడు. శుభ్రంగా మోగింది. "మంచి మాల్ మేడమ్ ఇది. ఇప్పుడు గిసుంటిది దొరకది," అన్నాడు. ఆలోచించి చెప్తానన్నాను. ఆ చప్పుడు నేను విని ఎన్నో ఏళ్లయింది. అన్న కూడా అలాగే తట్టి, తల పక్కకు వంచి వినేవాడు. బీట పడిన కుండ ఎలా పలుకుతుందో బీట ఉన్న గొట్టం కూడా అలాగే పలుకుతుందనీ, కుండలు కొనడంలో అమ్మకు సాటి లేదు గనక ఆ విద్య తనకు అమ్మ నుంచే వచ్చిందనీ చెప్పేవాడు.

ఆ గొట్టాలు పందిరి కోసం తెచ్చినవి కావు. కారు కోసం తెచ్చినవి.

అప్పటికి ఎనభైలు అయిపోవస్తున్నాయి. మా ఊరు మణుగూరుకూ భద్రాచలానికీ మధ్య, అడవి అంచున ఉంటుంది. నాన్న బోనకల్ వైపు నుంచి భూమి కోసం ఇక్కడికి వచ్చి, మిరప వేసి, మా చిన్నతనంలోనే పోయాడు. అన్న గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. గనుల కాలనీ క్లబ్బులో ఎవరో వదిలేసిపోయిన పాత విదేశీ మోటారు పత్రికలు ఉండేవి. వాటిని తిరగేసి తిరగేసి, అలాంటి కారు ఇంట్లోనే కట్టవచ్చని అన్నకు నమ్మకం కుదిరింది. నేలకు ఆనుకున్నట్టుండే కారు, రెండే సీట్లు, పైకప్పు లేదు. వానొస్తే ఎట్లరా అని అమ్మ అడిగింది. వాన రానినాడు పోదామన్నాడు. ఎండ కొడితే అంది. గొడుగు పట్టుకో అన్నాడు. పంట లేని రోజుల్లో కళ్లం ఖాళీగా ఉంటుంది కదా, అక్కడ ముగ్గుపిండితో కారు చట్రం అసలు కొలతలోనే గీశాడు. డబ్బాడు పిండి మట్టిపాలు చేశాడని అమ్మ ఒక పూటంతా తిట్టింది. మర్నాడు పొద్దున నేను చూసేసరికి తానే వంగి ఒక గీత సరిచేస్తోంది. "నీ బండికి నడుము వంకర పోయిందిరా," అంది. ముగ్గు విషయంలో అమ్మ తప్పు పట్టిందంటే తప్పు ఉన్నట్టే. అన్న కొలిచి చూసుకుని ఒప్పుకున్నాడు.

ఇంజన్ దొరకడం కష్టం కాలేదు. ఖమ్మంలో ఒక మెకానిక్ దగ్గర పాత కారుది మాట్లాడి పెట్టుకున్నాడు. చట్రానికి తగిన ఇనుమే దొరకలేదు. సెలవు రోజుల్లో ఖమ్మం వచ్చి, హాస్టల్ నుంచి నన్ను వెంటబెట్టుకుని ఇనుప దుకాణాలు తిరిగేవాడు. మార్కెట్ యార్డు నుంచి మిరప ఘాటు అక్కడిదాకా వచ్చేది. ప్రతి దుకాణంలోనూ తుమ్ముకుంటూనే బేరం. ఎక్కడ చూసినా స్లాబు కడ్డీలు, షెడ్లకు వేసే యాంగ్లర్లు, కిటికీ గ్రిల్స్‌కు వాడే పల్చటి గొట్టాలు. గేటుకా, షెడ్డుకా అని అడిగేవాళ్లు. కారుకు అంటే, కారు పెట్టుకునే షెడ్డుకు కాబోలని యాంగ్లర్లు దించి చూపేవాళ్లు. ఒక ముసలి షావుకారు మాత్రం సంగతంతా విని, నా వైపు తిరిగి, "అమ్మా, మీ అన్నకు జల్దీ పిల్లను చూడుండ్రి," అన్నాడు. యాంగ్లర్లతో కడితే బరువెక్కి ఎడ్లబండి అవుతుందని, గ్రిల్ గొట్టాలతో కడితే మొదటి గుంతలోనే విరుగుతుందని దారిపొడుగునా అన్న నాకు చెప్పాడు. నాకు సగమే అర్థమైంది. అన్నకు వినే మనిషి కావాలి, అంతే.

చివరికి ఇనుము మా దగ్గరే దొరికింది. బొగ్గు ఎక్కడుందో తెలుసుకోవడానికి అడవిలో క్యాంపులు వేసి భూమిలోకి బోర్లు దింపేవాళ్లు. వాటికి వాడేవి అతుకు లేని గట్టి గొట్టాలు. పాతబడ్డ వాటిని ఒక కంట్రాక్టరు తుక్కు కింద కొన్నాడు. అన్న వారాల తరబడి అతని వెంట తిరిగి, ఒక్కొక్క గొట్టం తట్టి చూసి ఏరుకున్నాడు. కంట్రాక్టరు లారీ మా దారిన వచ్చేది శనివారమే. అందుకని శనివారమే వాటిని ఎక్కించుకుని వచ్చాడు. అప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను.

శనివారం ఇంటికి ఇనుము తేకూడదని అందరూ అనుకునేదే. చాలామంది అంటారు గానీ అవసరమొస్తే పట్టించుకోరు. అమ్మ అలా కాదు. నాన్న ఆయిల్ ఇంజన్ తెచ్చింది ఒక శనివారం నాడు. ఆ ఏడే పోయాడు. అమ్మ గేటుకు అడ్డంగా నిలబడింది. "ఇయాల గేటు దాటనియ్య. ఒక్క రోజు ఆగు. రేపు పొద్దుగాల తెచ్చుకో," అంది. అన్న నవ్వాడు. లారీవాడు తొందరపెడుతున్నాడు. గొట్టాలను రోడ్డవతల మా చేలో దింపించి, ఎవరూ ఎత్తుకుపోకుండా పైన జొన్నచొప్ప కప్పాడు. బోరు గొట్టాల దొంగతనాలు మా దగ్గర మామూలే. ఇంకొకరు ఇంకో రకంగా చూస్తారన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. అవి ఎలాంటి రోజులో మాకు తెలియక కాదు. అడవిలో దళాలు తిరుగుతున్నాయి, రోడ్ల మీద మందుపాతరలు పేలుతున్నాయి. గుప్పిట్లో ఇమిడేంత లావు, మందు కూరడానికి సరిపోయే గొట్టాలు అడవి పక్క చేలో చొప్ప కింద ఉంటే పోలీసులకు ఏం తడుతుందో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. మా బుద్ధి మాత్రం శనివారం దగ్గరే ఆగిపోయింది.

ఎవరు చెప్పారో తెలియదు. ఆదివారం పొద్దున అన్న ఇంకా చాయ్ తాగుతున్నాడు. పోలీసు జీపు చేను పక్క కళ్లంలోకి వచ్చి ఆగింది. సరిగ్గా ముగ్గుపిండి కారు మీద ఆగింది. చొప్ప తీసి చూశారు. ఇవి ఎవరికోసమని అడిగారు. అన్న కారు గురించి చెప్పి, కింద గీసి ఉంది చూడండి సార్ అన్నాడు. జీపు తిప్పినప్పుడు చక్రాలు ఆ గీతల్ని తుడిచేశాయి. అన్నను వెనక సీట్లో కూర్చోబెట్టి తీసుకుపోయారు.

ఏ ఠాణాయో రాయను. అమ్మా నేనూ రోజూ పోయి బయట అరుగు మీద కూర్చునేవాళ్లం. కంట్రాక్టరు ఆ మనిషెవరో తనకు తెలియదన్నాడు. భయపడ్డాడు, అతన్ని ఏమీ అనలేం. ఒకరోజు ఎస్సై బయటికి వస్తుంటే అమ్మ ఎదురుపోయింది. "శనివారమని నేనే ఇంట్లకు రానియ్యలే సారూ. పిల్లగాడు తెచ్చుకుంటనే అన్నడు. తప్పు నాది," అంది. ఆయన కోప్పడలేదు. మర్యాదగానే చెప్పాడు. "మా ఇంట్ల గూడ శనివారం ఇనుము తేమమ్మా. గట్లని చేన్ల దాచిపెడ్తమా?" వాళ్లది వేరే లోకం అనుకుంటే కొంత ఓర్చుకునేవాళ్లమేమో. ఆయనకు శనివారం అర్థమైంది. అర్థమయ్యాక కూడా నమ్మలేదు.

గనుల ఆఫీసులో పెద్దవాళ్లెవరో ఫోన్ చేశాక అన్నను వదిలిపెట్టారు. ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ మంచినీళ్లు తెచ్చింది. ఎడమ చేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి ఒడిలోనే ఉంది. ఆ మణికట్టు ఆ తర్వాత భద్రాచలం దవాఖానాలో చూపించినా సరిగ్గా అతుక్కోలేదు. వర్క్‌షాపు నుంచి తీసి స్టోర్సులో వేశారు. సంబంధాలు తెచ్చేవాళ్లు తేవడం మానేశారు. లోపల ఏం జరిగిందో అన్న ఎవరికీ చెప్పలేదు. కారు మాట కూడా ఎత్తలేదు. మెకానిక్ ఆ ఇంజన్‌ను ఇంకెవరికో ఇచ్చేశాడు.

కొన్నేళ్లకు ఠాణా నుంచి కబురొచ్చింది, మీ గొట్టాలు అడ్డంగా ఉన్నాయి, తీసుకుపొమ్మని. అక్కడే పడి ఉండనీ అన్నాడు అన్న. అతను డ్యూటీకి పోయాక అమ్మ మా జీతగాణ్ణి వెంటబెట్టుకుని బండి కట్టించుకుని పోయింది. బండి తిరిగి వస్తుంటే నేను గేటు దగ్గర ఉన్నాను. ఇవాళ శనివారం గదనే అన్నాను. "తెల్సు. గేటు తియ్యి," అంది.

సాయంత్రం అన్న వచ్చి వాటిని చూశాడు. ఒక రాయి తీసుకుని, ఎడమ చేత్తో, ఒక్కొక్కదాన్ని తట్టుకుంటూ పోయాడు. తల పక్కకు వంచి విన్నాడు. "ఒక్కటి గూడ పగల్లే," అన్నాడు. మరుసటి వారం కూలీలను పెట్టి వాటితోనే సొరపాదుకు పందిరి వేయించాడు. అమ్మ ఆ పాదుకు కాసిన సొరకాయ ఒక్కటీ తినలేదు. ఊళ్లో వాళ్లకు పంచిపెట్టేది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. గొట్టాలు ఇంటికి చేరిన ఆ రోజు తర్వాత అమ్మ నోట శనివారం మాట రాలేదు. అన్న నోట మాత్రం వచ్చేది. చిన్న మేకు కొనాల్సి వచ్చినా, తాళం కొనాల్సి వచ్చినా, "ఇయాల శనివారం గదమ్మా, రేపు తెస్తలే," అనేవాడు. ఆమె వినేటట్టు చెప్పేవాడు. అతనికి అలాంటి పట్టింపులు ఏనాడూ లేవు. అమ్మ తల వంచుకుని తన పని తాను చేసుకునేది. అమ్మ పోయాక కూడా అన్న శనివారం ఇనుము కొనలేదు. అలవాటైపోయిందనేవాడు.

నిన్న ఆ పాత ఇనుమతను ఫోన్ చేశాడు. శనివారం మా వైపు వస్తున్నాడట, బండి ఖాళీగా ఉంటుందట. వద్దన్నాను. పోనీ ఆదివారం రమ్మంటారా అన్నాడు. మళ్లీ నేనే చేస్తానని ఫోన్ పెట్టేశాను. ఆనాడు గేటుకు అడ్డంగా నిలబడి ఒక్క రోజు ఆగమంది అమ్మ. ఆ రోజు మా ఇంట్లో ఇంకా గడవలేదు.