ఎందుకంటే టీచరూ, పడమటి చుక్కా

బడిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడేది కాదు. పిల్లలు పెట్టిన ‘ఎందుకంటే టీచరు’ అన్న పేరే ఖాయమైపోయింది. హెడ్మాస్టరు కూడా ఒకటి రెండుసార్లు నోరు జారి అలాగే పిలిచి నాలుక కరుచుకున్నారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల దాకా సైన్సంతా ఆవిడదే. పొద్దున్న చంద్రుడి కళలు చెప్పేది. మధ్యాహ్నం మందారపూల రసంలో నిమ్మకాయ పిండి రంగు మార్చి చూపించేది. సాయంత్రానికి పిల్లల్ని వెంటేసుకుని బడి వెనక మురుగుకాలువ గట్టున దోమల పిల్లల్ని లెక్కపెడుతూ కనిపించేది. ఏం చెప్పినా మధ్యలో ఆగి, వేలు పైకెత్తి, “ఎందుకంటే...” అనాల్సిందే.

తరగతిలో అది బాగానే ఉండేది. చిక్కంతా గంట కొట్టాకే. స్టాఫ్ రూములో లెక్కల మేడమ్ పాలు విరిగిపోయాయని విసుక్కుంటే చాలు, ఈవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని పాలలో సూక్ష్మజీవులు ఏం తిని ఏం వదులుతాయో మొదలుపెట్టేది. పాపం, లెక్కల మేడమ్‌కి కావలసింది ‘అయ్యో’ అన్న ఒక్క మాట. ఆ ఒక్క మాట తప్ప మిగతావన్నీ ఈవిడ దగ్గర ఉన్నాయి! రోజులు గడిచేకొద్దీ ఈవిడ టిఫిన్ డబ్బా తెరవగానే మిగతావాళ్లకి ఏవో పనులు గుర్తొచ్చి ఒక్కొక్కరే చల్లగా జారుకునేవారు.

పెళ్లి కూడా అలాగే తప్పిపోయింది. వయసులో ఉన్నప్పుడు ఒకాయన ఇష్టపడి పార్కుకి తీసుకెళ్లాడు. తొలకరి చినుకులు పడ్డాయి. “మట్టి వాసన ఎంత బాగుందో కదా!” అన్నాడాయన. “అది మట్టి వాసన కాదండీ, మట్టిలో ఉండే బాక్టీరియాది. ఎందుకంటే...” అని ఈవిడ అందుకుంది. ఆయన జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. మళ్లీ కనిపిస్తే ఒట్టు.

ఆ ఎందుకంటేలన్నీ చివరిదాకా విన్న మనిషి లోకంలో ఒక్కడే ఉండేవాడు. ఆవిడ బావ, అంటే సొంత అక్క మొగుడు. బస్సులు బాగుచేసే షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు. ఆదివారం ఈవిడ వాళ్లింటికి వెళ్లడమే ఆలస్యం, “ఏం మరదలా, ఈ వారం కొత్త సంగతేంటి?” అని పడక్కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చునేవాడు. ఇనుము ఎందుకు తుప్పు పడుతుందో ఆయనకి ఈవిడ పదిసార్లు చెప్పి ఉంటుంది. ముప్ఫై ఏళ్లు తుప్పుతోనే కాపురం చేసిన మనిషి, అయినా ప్రతిసారీ కొత్తగా వింటున్నట్టు “ఆ తర్వాత?” అనేవాడు. వంటింట్లోంచి అక్క, “మీ ఇద్దరికీ వేరే పని లేదా?” అని అరిచి, ముగ్గురికీ టీ తెచ్చి తనూ అక్కడే కూలబడేది.

ఆ బావ ఒకరోజు నిద్రలోనే పోయాడు.

వారం తిరిగాక ఒక సాయంత్రం ఇంట్లో ఉక్కగా ఉందని అందరూ డాబా మీద చేరారు. అక్క, అక్క కూతురు, ఆ కూతురి పిల్ల, ఈవిడ. మనవరాలికి ఐదేళ్లు. తాతయ్య ఎక్కడికెళ్లాడని పొద్దుటి నుంచీ ప్రాణం తీస్తోంది. అక్క పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పడమటి వైపు ధగధగా మెరుస్తున్న చుక్కని చూపించి, “అదిగో, తాతయ్య నక్షత్రమైపోయాడు. రోజూ మనల్ని చూస్తుంటాడు” అంది.

ఈవిడ నోరు మూసుకుని ఉండొచ్చు కదా? ఉండలేదు.

“అది నక్షత్రం కాదమ్మా, శుక్రగ్రహం. ఎందుకంటే నక్షత్రాలు మిణుకుమిణుకుమంటాయి. ఇది చూడు, నిలకడగా ఉంది.”

“అయితే తాతయ్య అక్కడ ఉన్నాడా చిన్నమ్మమ్మా?” అంది పిల్ల.

“అక్కడ ఎవరూ ఉండలేరు. మేఘాల నిండా ఆమ్లమే. కింద సీసం కూడా కరిగిపోయేంత వేడి.”

పిల్ల కాసేపు ఆలోచించి, “తాతయ్యకి కాలదూ?” అని ఒక్కసారిగా ఏడుపు లంకించుకుంది. దాన్ని వాళ్లమ్మ ఎత్తుకుని కిందికి తీసుకుపోయింది. అక్క లేచి నిలబడింది.

“ఇన్ని చదివావే, మనిషికి ఎప్పుడేం చెప్పాలో మాత్రం ఎవరూ నేర్పలేదటే నీకు? ఇంక ఈ గడప తొక్కకు.”

ఈవిడా ఏడుస్తూనే ఉంది ఆ వారమంతా. లోపల ఏడుస్తోంది, అంతే. దుఃఖం వస్తే కొందరికి మాట పడిపోతుంది, ఈవిడకి పాఠం వస్తుంది. వింటే బావ ఒక్కడే విని అర్థం చేసుకునేవాడు. ఆయనే లేకపోయె. ఇక ఎవరికి చెప్పుకోవాలి?

నెలలు గడిచాయి. ఫోన్ చేస్తే అక్క తీసేది కాదు. ఈవిడ ఉండేది దర్జీ దుకాణం మీద రెండు గదుల ఇల్లు. ఆదివారం వస్తే ఆ రెండు గదుల్లో దేనిలో కూర్చోవాలో తెలిసేది కాదు. ఒకసారి కుక్కర్ విజిల్ వేస్తే, అలవాటుగా వేలు పైకెత్తి, “ఎందుకంటే లోపల ఆవిరికి...” అని మొదలుపెట్టి, తన గొంతు తనకే వినపడి ఉలిక్కిపడింది. స్టవ్ కట్టేసి అక్కడే నేల మీద కూర్చుంది. కింద కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయే దాకా లేవలేదు.

రోజూ సాయంత్రం మేడెక్కి ఆ చుక్కనే చూసేది. వారం వారం అది పడమటికి దిగజారుతోంది. ఇక కొద్ది రోజుల్లో సూర్యుడి వెలుతురులో పడి బొత్తిగా కనపడకుండా పోతుందని ఆవిడకి తెలుసు. వెంటనే పిల్ల గుర్తొచ్చింది. తాతయ్య నిజంగానే కాలిపోయాడనుకుంటుందేమో! మొహమాటం పక్కన పెట్టి అక్క కూతురికి ఫోన్ చేసి, “చుక్క కొన్నాళ్లు కనపడదని పిల్లకి ముందే కాస్త చెప్పి పెట్టవే” అంది.

“దానికా? అదెప్పుడో మర్చిపోయింది పిన్నీ. ఇప్పుడు దానికి పిల్లికూన కావాలట, అదొక్కటే గొడవ” అని నవ్వి, అక్క కూతురు గొంతు తగ్గించింది. “అమ్మే... రోజూ డాబా మీదికెళ్లి ఆ చుక్కతో మాట్లాడుతుంది. ఎవర్నీ రానివ్వదు.”

ఫోన్ పెట్టేసి ఆవిడ మేడెక్కింది. తను ఇన్నాళ్లూ చిన్నపిల్ల మనసు నొప్పించాననుకుంది. ఆ సాయంత్రం తను ఎవరి కాళ్ల కింద నేల లాగేసిందో ఇప్పుడు తెలిసింది.

మరో రెండు వారాలకి చుక్క కనపడడం మానేసింది. అలా మూడు సాయంత్రాలు గడిచాక ఫోన్ మోగింది.

“ఎక్కడికి పోయాడే?” అంది అక్క. పలకరింపు లేదు, ఏమీ లేదు.

“ఎందు...” అనబోయి ఆవిడ ఆ మాట మింగేసింది.

“నాకు పాఠం చెప్పకు” అంది అక్క. “అది గ్రహమని నాకూ తెలుసే. నేనూ బడికెళ్లినదాన్నే. గ్రహమైతే నాకేం, గవ్వైతే నాకేం? ఎటు చూసి మాట్లాడాలో నాకో చోటు కావాలి. మంచం వంక చూసి మాట్లాడలేకపోతున్నాను.”

“వస్తాడక్కా. ఈసారి పొద్దున్నే, తెల్లారకముందు, తూర్పున. కొన్నాళ్లు ఓపిక పట్టు.”

“నిజంగానా? నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావా?”

“అలా అనడం నాకెప్పుడైనా వచ్చిందా?”

“నీకది రాదులే” అని అక్క ఫోన్ పెట్టేసింది.

అప్పటి నుంచీ ఆవిడకి కంటి మీద కునుకు లేదు. చీకటితోనే లేచి మేడెక్కితే తూర్పంతా మబ్బులు. మర్నాడూ మబ్బులే, ఆ మర్నాడూ అంతే. లెక్క ప్రకారం వచ్చేసి ఉంటుంది, మబ్బుల వెనక ఉంటుంది. కానీ అక్కకి లెక్కతో పనేముంది? డాబా మీద ఒక్కతే చలిలో నిలబడి, ఖాళీ ఆకాశం చూసి, జన్మకి ఒక్కసారి నా చెల్లెలు అబద్ధం చెప్పిందనుకుంటుంది. మేఘాలు ఎలా ఏర్పడతాయో పాతికేళ్లుగా పిల్లలకి నేర్పిన మనిషి, మెడ నిక్కించి వాటిని నోటికొచ్చినట్టు తిట్టింది.

ఒక తెల్లవారుజామున కొంగు చుట్టూ కప్పుకుని మెట్లెక్కుతుంటే చేతిలో ఫోన్ మోగింది.

“వచ్చాడే” అంది అక్క.

మెట్ల మధ్యలో ఆవిడ ఆగిపోయింది. నోటిదాకా ఎన్నో వచ్చాయి. సూర్యుడికి అటు పక్క నుంచి ఇటు పక్కకి ఎలా వచ్చిందో, రోజురోజుకీ ఎలా పైకొస్తుందో. అన్నీ ఉన్నాయి, ఒక్కటీ చెప్పలేదు.

“బావ ఎలా ఉన్నాడక్కా?” అంది.

అక్క ముక్కు చీదుకోవడం వినిపించింది.

“నిన్నే అడుగుతున్నాడు” అంది చివరికి. “ఆదివారాలు రావడం మానేసిందేంటి మరదలు, అని.”