సూరన్న మూడు కేకలు

మా గోపాలపట్నం వీధిలో బిడ్డకి పేరు పెట్టాలంటే పురోహితుడూ, పంచాంగమూ, బియ్యం పోసిన పళ్లెమూ ఉంటే సరిపోదు. సూరన్న రావాలి. వచ్చి ఆ పేరుని ఇంటిపేరుతో సహా నడివీధిలో నిలబడి మూడుసార్లు అరిచి చూడాలి. అరిచాక ఆయన తల ఊపితే ఆ పేరు ఖాయం. తల గోక్కున్నాడా, బియ్యంలో రాసిన అక్షరాలు చెరిపేసి మళ్ళీ మొదటికి రావలసిందే. ఆయన్ని ఎవరూ పిలవరు, పిలవకుండానే వస్తాడు. అరవమని ఎవరూ అడగరు, అడక్కుండానే అరుస్తాడు.

ఆ గొంతు సంగతి కూడా చెప్పాలి. సూరన్న ముప్పయ్యేళ్ళు ఫిషింగ్ హార్బర్లో చేపల వేలం పాడాడు. బోట్ల ఇంజన్లు, కాకులు, ఐసు ఆడించే మిషన్లు, గంపలతో నిలబడ్డ నాలుగొందల మంది ఆడవాళ్ళ తగువులు, వీటన్నిటినీ దాటి వినిపించిన గొంతు అది. మానేసి కొడుకు ఇంటికి వచ్చేశాక వేలానికి చేపలు లేకుండా పోయాయి గానీ గొంతు మాత్రం వెంట వచ్చేసింది. ఆయన చెవిలో చెప్పిన రహస్యం సింహాచలం కొండ మీద దర్శనం లైన్లో వాళ్ళు కూడా వింటారని మా ఆవిడ హిమబిందు అంటుంది.

మూడు కేకలూ మూడు రకాలు. మొదటిది తల్లి అన్నానికి పిలిచినట్టు. రెండోది మాస్టారు హాజరు వేసినట్టు. మూడోది పక్క బెంచీ వెధవ వెక్కిరించడానికి పిలిచినట్టు. చాలా పేర్లు మొదటి రెండూ సులువుగా దాటేస్తాయి. మూడో కేక దగ్గర బోర్లా పడతాయి.

"పేరు కాయితమ్మీద రాసుకోడానికి కాదు బాబూ, పిలడానికి," అంటాడు సూరన్న. "మీరు పేరొక్కటే సూత్తన్నారు. దాని ముందల ఇంటిపేరొకటి కూకునుంది. దాన్నెవుడు సూత్తాడు?"

ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. మా వైపు ఇంటిపేర్లు సగం దొడ్లోవి, సగం తోటలోవి, మిగిలినవి సముద్రంలోవి. కోడి, గేదెల, తాటి, పీతల, ఇలా ఉంటాయి. విడిగా చూస్తే ఏ పేరుకీ వంక లేదు. పక్కపక్కన పెడితేనే వస్తుంది తంటా.

మా ఎదురింటి కోడి ఉమామహేష్‌కి కూతురు పుట్టింది. నెలరోజులు ఫోన్లో వెతికి వెతికి పల్లవి అని తేల్చారు. చక్కటి పేరు. బారసాల నాడు సూరన్న వీధిలోకి దిగి లుంగీ బిగించి, "కోడి పల్లవీ!" అని ఒక కేక వేశాడు. రెండోది వేశాడు. మూడోసారి కాస్త సాగదీసి, "ఓలే కోడి పల్లావీ!" అనేసరికి వీధి చివర ఆటోస్టాండులోంచి ఎవడో, "రెండు పార్సిల్ కట్టు గురూ!" అని అరిచాడు.

ఉమామహేష్ మొహం మాడిపోయింది. "అదేటి బాబాయ్, అంత మంచి పేరు!"

"పేరు మంచిదే. నానేటన్నాను?"

"మరేటి పెట్టమంతావు?"

"నాను పెట్టను. అరుత్తానంతే."

ఆయన పద్ధతి అది. పేరు సూచించడు, అరిచి చూస్తాడు, తగువు మనకి వదిలేస్తాడు. చివరికి ఆ పిల్ల యశస్విని అయింది. మూడు కేకలూ నిలబడింది. కోడి పలావు వాసన ఎక్కడా తగల్లేదు.

తాటి వాళ్ళింట్లో మంజుల అని పెట్టబోయారు. అది మే నెల, మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. సూరన్న "తాటి మంజులా!" అని మూడో కేక వేశాడో లేదో, మూడు గుమ్మాల్లోంచి ముగ్గురు ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని బయటికొచ్చి, "లేతవేనా ముంజెలు?" అని అడిగారు. ఆ బారసాల అక్కడే ఆగిపోయింది.

మధురవాడలో సాఫ్ట్‌వేర్ చేసే దేవీప్రసాద్ మా వీధి అల్లుడు. కొడుకు పేరు న్యూమరాలజీ ఆయన దగ్గర రాయించుకొచ్చాడు. క్షృథాంష్. సూరన్న ఆ కాగితం తిప్పి చూశాడు, బోర్లించి చూశాడు, ఎండకి పెట్టి చూశాడు. నోరు తెరిచాడు. ముప్పయ్యేళ్ళ వేలం పాటలో తడబడని నాలిక అక్కడ తిరగబడింది.

"బాబూ, మన వీధి దాటితే హైవే," అన్నాడు కాగితం తిరిగిచ్చేస్తూ. "గుంటడు రోడ్డు మీదున్నాడు. లారీ వత్తంది. నువ్వీ పేరు మొదలెట్టి ఎప్పటికి పూర్తి సేత్తావు?"

దేవీప్రసాద్ అత్తగారు "ఓలమ్మో!" అని గుండెలు బాదుకుంది. అయిదు నిమిషాల్లో పిల్లాడు గోపి అయిపోయాడు.

ఇంతమందిని ఒడ్డున పడేసిన సూరన్న మాట నేను మాత్రం వినలేదు. నా పేరు గుణశేఖర్. పోర్టు ఆఫీసులో ఉద్యోగం. ఇంటిపేరు నక్కా. పదిహేనేళ్ళ కిందట నా కొడుకు బారసాలకి అత్తవారి తరఫు వాళ్ళు రెండు బస్సుల్లో దిగారు. నేను పట్టుపంచె కట్టుకుని పళ్లెంలో బియ్యం మీద వినయ్ అని రాశాను. బయట సూరన్న మొదటి కేక వేశాడు. రెండోది కూడా దివ్యంగా ఉంది. మూడోది వేశాడు.

"ఏరా, నక్కా ఇనయం!"

పందిట్లో ముందు మా బావమరిది కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత రెండు బస్సుల జనమూ కొంగులూ తువ్వాళ్ళూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. లోపల జిత్తులు పెట్టుకుని పైకి వంగి వంగి దణ్ణాలు పెట్టేవాణ్ణి నక్క వినయం అంటారని తెలుగు వచ్చినవాడెవడికి తెలీదు? నాకూ తెలుసు. రాసేటప్పుడు తట్టలేదంతే. ఆ మాట ఒప్పుకునే ధైర్యం అంతమంది ముందు నాకు లేకపోయింది.

"నా కొడుకు, నా ఇష్టం!" అన్నాను. "నువ్వు భోంచేసి వెళ్ళు బాబాయ్."

"ఇస్కూల్లో గుంటడు ఏడుత్తాడు బాబూ. ఆలోసించు."

"ఏడిస్తే నేను ఓదార్చుకుంటాను."

సూరన్న భోంచెయ్యకుండా వెళ్ళిపోయాడు. వినయ్ వినయ్‌గానే ఉండిపోయాడు.

చిత్రం ఏమిటంటే, ఏమీ జరగలేదు. నా కొడుకు స్కూలుకెళ్ళాడు, వచ్చాడు, మోకాళ్ళు పగలగొట్టుకున్నాడు, లెక్కల్లో సున్నాలు తెచ్చుకున్నాడు. పేరు గురించి ఒక్కనాడూ ఏడవలేదు. మొదటి రెండేళ్ళూ నేను రోజూ సాయంత్రం వాడి మొహం బెరుకుగా చూసేవాణ్ణి. తర్వాత నాకు ధైర్యం వచ్చింది. ఆ తర్వాత కొమ్ములొచ్చాయి.

"ఏం బాబాయ్," అనేవాణ్ణి నలుగురూ ఉన్న చోట చూసి మరీ. "మావాణ్ణి ఒక్కడైనా ఒక్క మాటన్నాడా? నీ పరీక్ష ఫెయిలు!"

"అవును బాబూ," అనేవాడు బోసినోటితో నవ్వుతూ. "నా అరుపు తప్పయిపోనాది."

ఆ మాట అనిపించుకోవడం కోసం పదేళ్ళలో కనీసం వందసార్లు అడిగి ఉంటాను. వందసార్లూ అదే నవ్వు నవ్వాడు.

వినయ్ పదో తరగతికొచ్చాడు. నామినల్ రోల్స్ పంపుతున్నాం, వచ్చి పేరు సరిచూసి సంతకం పెట్టమని స్కూలు నుంచి ఫోనొచ్చింది. ఆ జాబితాలో పడ్డ పేరే సర్టిఫికెట్లో పడుతుంది, జన్మంతా అదే వెంటాడుతుంది. సెలవు పెట్టి వెళ్ళాను. క్లాస్ టీచరు ఆశాజ్యోతి గారు జాబితా నా చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

"మార్పులేమైనా ఉంటే ఇవాళే చెప్పాలండి. హాల్ టికెట్లో ఇంటిపేరు ముందొస్తుంది. పరీక్ష సెంటరు వేరే స్కూల్లో పడుతుంది. అక్కడ మా మాట సాగదు."

"మీ మాటేమిటండీ?"

ఆవిడ నన్ను వింతగా చూశారు. "మీకు తెలీదా? మీ బాబాయిగారు చెప్పలేదా? ప్రతి జూన్లో బడి తెరిచిన రోజు చేపలు పట్టుకొస్తారు కదా!"

అప్పుడు బయటపడింది. వినయ్‌ని ఎల్‌కేజీలో వేసిన రోజునే నా వెనకాల సూరన్న కూడా ఆ బడికి వెళ్ళాడు. రెండు వంజరం చేపలు బల్ల మీద పెట్టి, ఈ పిల్లాడి ఇంటిపేరు హాజరులో పిలవద్దని దణ్ణం పెట్టాడు. ఒక్కడికే తీసేస్తే పిల్లలు పట్టేస్తారని, క్లాసు మొత్తానికీ తీసెయ్యమన్నాడు. మరుసటి ఏడు ఆ పై క్లాసు టీచరుకి చేపలు. ఆ పై ఏడు ఆ పై టీచరుకి. ఇప్పుడా స్కూల్లో ఏ పిల్లాడికీ ఇంటిపేరు లేదు. జూన్ నెల మొదట్లో సముద్రంలో బోట్ల వేట బందు. ఆ రోజుల్లో తెప్ప మీద వెళ్ళే పాత స్నేహితుల వెంటపడి ఎక్కడెక్కడి నుంచో తెచ్చేవాడట.

"తెలుగు మాస్టారు అచ్యుతరామయ్య గారు నీచు ముట్టరు," అన్నారు ఆశాజ్యోతి గారు. "ఆయనకి ములక్కాడలు. ఏడో తరగతిలో జాతీయాల పాఠం ఉంది కదండీ. అందులో మీ... ఆ మాట వస్తుంది. దాని దగ్గరికొచ్చేసరికి మాస్టారికి దగ్గు తెర వచ్చేది. దగ్గు తగ్గాక తర్వాతి జాతీయం చెప్పేవారు. మూడు బ్యాచిల పిల్లలకి ఆ ఒక్క జాతీయం రాదండీ."

నాకు నవ్వొచ్చింది, సిగ్గేసింది, కళ్ళు చెమర్చాయి, ఏది ముందో చెప్పలేను. నా కొడుకు ఇన్నేళ్ళూ హాయిగా చదువుకున్నాడన్నది నిజమే. అందులో నా గొప్ప ఈకంత లేదు. జాబితా పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి మెట్ల మీద సూరన్న చేపల సంచీతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి దొంగలా లేచి నిలబడ్డాడు.

"నువ్వెందుకొచ్చావు బాబాయ్?"

"ఇవాళ నామినలని హిమబిందమ్మ సెప్పింది," అన్నాడు నేల చూపులు చూస్తూ. "సేపలట్టుకొచ్చాను. టీచరమ్మ వద్దంది. ఆ హాల్ టికెట్టు కంప్యూటర్ది బాబూ. అది సేపలు తినదంట."

"నాకు ముందే చెప్పొచ్చు కదా!"

"ఏటి సెప్పను? ఎట్టకముందు అరిసాను. ఎట్టేసినాక ఆ పేరు గుంటడిది. మరి నానేటంటాను?"

"నేను నీ పరీక్ష ఫెయిలని వీధంతా దండోరా వేస్తుంటే నవ్వుతూ ఊరుకున్నావే?"

"నువ్వలాగన్నప్పుడల్లా నాకు పేణం లేచొచ్చీది బాబూ," అన్నాడు. "గుంటణ్ణింకా ఎవుడూ ఏటీ అన్లేదన్నమాట, అనుకునీవోణ్ణి."

ఆయన చెయ్యి పట్టుకుని మెట్ల మీద కూర్చోబెట్టి పక్కన కూలబడ్డాను. నక్కకీ వినయ్‌కీ మధ్య ఏదో ఒకటి అడ్డం పెట్టాలి, అదీ సాయంత్రంలోగా పెట్టాలి. తొందరలో నాకు తోచిందేదో అనేశాను. "జితిన్ అని కలిపితే? జితిన్ వినయ్. కొత్తగా ఉంది."

సూరన్న గభాల్న నా నోరు మూశాడు. "నక్కా జిత్తులు అంతారు బాబూ! నీకేటైనా ఎర్రా?"

నిజమే. వినయం గోతిలోంచి లేచి సరాసరి జిత్తుల గోతిలోకి దూకబోయాను. ఈసారి నిదానంగా ఆలోచించి, ఆయన మొహం చూడకుండా అన్నాను.

"సూర్య వినయ్."

ఆయన చేపల సంచీని ఈ మెట్టు మీంచి ఆ మెట్టు మీదికి మార్చాడు. "ఆ పేరేటికి," అన్నాడు చివరికి.

"బాగుందో లేదో చెప్పడానికి నేనెవణ్ణి? అరిచి చూడు."

సూరన్న అలవాటుగా లేచి లుంగీ బిగించాడు. గుండె నిండా గాలి పీల్చాడు. వరండా పొడుగునా క్లాసు తలుపులు తెరిచి ఉన్నాయి. ఒక్కో గదిలో యాభైమంది పిల్లలు, వందేసి చెవులు. ఆయన ఆ తలుపుల వంక చూసి, పీల్చిన గాలంతా మెల్లగా వదిలేశాడు. వచ్చి నా పక్కన కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టుకుని, నా చెవిలో గుసగుసగా పిలిచాడు. అమ్మ అన్నానికి పిలిచినట్టు, "నక్కా సూర్య వినయ్." మాస్టారు హాజరు వేసినట్టు. పక్క బెంచీ వెధవ వెక్కిరించినట్టు. మూడూ గుసగుసలే. తలుపు తీసుకుని వచ్చి రెండడుగుల దూరంలో నిలబడ్డ ఆశాజ్యోతి గారికి ఒక్క ముక్క వినబడలేదు.

ఆయన తల ఊపాడు.

వినయ్‌ని క్లాసులోంచి పిలిపించాం. పేరుకి ముందు సూర్య చేరుస్తున్నాం, నీకిష్టమేనా అని అడిగితే వాడు, "ఎందుకు నాన్నా?" అన్నాడు. నేను నీళ్ళు నమిలాను.

"స్టైలుగా ఉంతాదిరా," అన్నాడు సూరన్న.

"ఉంటుంది తాతా," అని ఒప్పేసుకుని వాడు క్లాసుకి పరిగెత్తాడు. నేను సంతకం పెట్టి, అమ్మయ్య అనుకుని గేటు బయటికి వచ్చాక సూరన్న దగ్గడం మొదలెట్టాడు. మంచినీళ్ళు తాగించినా తగ్గలేదు.

"ఎప్పుడూ అలవాటు నేదు బాబూ," అన్నాడు బొంగురుగా. "సిన్నగా మాటాడితే గొంతు పట్టీసింది."

నిజంగానే పట్టేసింది. ఆ ఆదివారం పీతల వాళ్ళ మనవరాలి బారసాల. భోజనాలు చెప్పేశాం, ముహూర్తం దాటితే ఎలా అని వాళ్ళు గొణిగారు. సూరన్న గొంతు తెరుచుకునేదాకా ఆగాల్సిందేనని, నేనే వెళ్ళి వచ్చే గురువారానికి వాయిదా వేయించాను.