కరిచి తాగిన నీళ్ళు

కొత్తపేట దగ్గర మా బడిలో పిల్లలకి మంచినీళ్ళిచ్చే ఆవిణ్ణి అందరం పిన్నిగారనేవాళ్ళం. బతికి చెడిన పెద్దింటి కోడలు. బజారులో కాఫీహోటలువాడు మా పేట పిల్లల్ని గ్లాసు ముట్టనివ్వక, దోసిట్లోకి నీళ్ళు ఎత్తి పోసేవాడు. పిన్నిగారు గ్లాసు మా చేతికే ఇచ్చేవారు.

"కరిచి తాగండర్రా, ఒలికిపోతాయి."

అంతకు మించి ఏనాడూ ఒక్క మాట అనలేదు.

ఆవిడ రిటైరైన రోజున, అదే బడిలో మేష్టరునైన నేనే శాలువా కప్పాను. రెండు మాటలు చెప్పమంటే ఆవిడ ముందు మంచినీళ్ళడిగారు. గ్లాసుతో నీళ్ళందించాను. ముందు వరసలో ఆవిడ చుట్టాలందరూ మమ్మల్నే చూస్తున్నారు.

"ఎత్తి పోసుకోండి వదినగారూ," అన్నాడు మరిది, మెల్లగా.

"ఒలికిపోతాయయ్యా," అని పిన్నిగారు గ్లాసు కరిచి, చివరి చుక్కదాకా తాగారు.