గెడ మీద నాన్నగారు

ఎనభైల్లో నేను పదో తరగతి చదువుతున్నప్పటి సంగతి. మాది అల్లవరం దగ్గర పల్లెటూరు. బడిలో మేష్టారైన మా నాన్నగారు వేసవి సెలవుల్లో మా ఇంట్లో అందరినీ లాంచీలో పాపికొండలు తీసుకెళ్తానన్నారు. మెట్ట నుంచి కాపురానికొచ్చిన అమ్మకు నీళ్లంటే హడలు.

"నేను రానండీ, మీరెళ్లి రండి" అంది. అమ్మ లేకుండా ప్రయాణమేమిటి?

"ముందు మన కాలవలో తిరిగితే భయం పోతుంది. పడవ నేనే నడుపుతాను" అంటూ నాన్నగారు కొబ్బరికాయల పడవొకటి అడిగి తెచ్చారు. అమ్మ కళ్లు మూసుకుని నన్నూ తమ్ముణ్ణీ పట్టుకుంది. నాన్నగారు పడవ చివర నిలబడి, పొడవాటి గెడకర్ర నీళ్లలో గుచ్చి బలంగా తోశారు. గెడ బురదలో దిగబడిపోయింది. పడవ ముందుకెళ్లిపోయింది. గెడను కౌగిలించుకుని నాన్నగారు కాలవ మధ్యలో వేలాడుతున్నారు!

"వదలకండి మేష్టారూ! వచ్చేత్తన్నామండి, ఆయ్!" అని గట్టు మీంచి కేకలు. గెడ మెల్లగా వాలి ఆయన్ని నీళ్లలో దింపేసింది. తీరా చూస్తే నడుం లోతే. పడవలో ఒకటే పకపకలు. ఎవరా అని చూస్తే, అమ్మ!

ఆ ఆదివారమే లాంచీ ఎక్కాం. అమ్మ కిటికీ పక్కన దర్జాగా కూర్చుంది. నాన్నగారు మాత్రం నడిమధ్యన ఇనుప స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు.

"వదలకండేం!" అంది అమ్మ.

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా, గుమ్మంలో చెప్పే జాగ్రత్త అదే.