దండ పట్టుకుని వెళ్లిన ఆదివారం

మాది తిరుపతి. వంట ముగించుకుని మధ్యాహ్నం పూట కథలు రాసుకోవడం నా అలవాటు. ఆదివారాల్లో మాత్రం మా వీధి ఆడవాళ్లం కలిసి సైన్యంలో ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్తాం. సరుకులిచ్చి, వాళ్ల తల్లికి పూలదండ వేసి వస్తాం.

పోయినేడు ఏర్పేడు దగ్గర ఒక పల్లెలో, కొడుకు సైన్యంలో ఉన్న మునెమ్మ ఇంటికి వెళ్లాం. ఆమె సంతోషంతో ఆశ్చర్యపోవాలని ముందుగా ఫోను చేయలేదు. మాకు తోడొచ్చిన రిటైర్డ్ హవల్దారు గారు మిలిటరీ టోపీ, పతకాలు పెట్టుకుని, దండ పట్టుకుని ముందు నడిచారు. వెనకాల మేం పద్ధతిగా, మాట్లాడకుండా నడిచాం.

వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తున్న మునెమ్మ తలెత్తి చూసింది. ఒళ్లోని చేట జారిపోయింది.

"నా బిడ్డకేమాయప్పా?" అని అక్కడే కూలబడిపోయింది.

ఎన్నో కథలు రాసిన నేను ఆ క్షణాన కింద పడిన చేటను ఎత్తి పట్టుకున్నాను, అంతే. హవల్దారు గారే దండ అరుగు మీద పడేసి, ఆమె ఫోను అందుకుని కొడుక్కి వీడియో కాల్ చేశారు.

"ఏందిమా? అన్నం తింటా ఉండా," అన్నాడు కొడుకు.

మునెమ్మ అతని మొహం చూసింది, కంచం చూసింది. "ఇంకొంచెం పెట్టించుకో నాయనా," అని, అప్పుడు ఏడ్చింది.

తర్వాత మమ్మల్ని తిట్టింది. టీ ఇచ్చింది. కింద పడిన కాయలన్నీ మా చేతే ఏరించింది. మేం బయల్దేరుతుంటే వాకిలి దాకా వచ్చి, "ఇంకో ఇంటికి పొయ్యేటప్పుడు దూరం నుంచే నవ్వుకుంటా పోండమ్మా," అంది.

ఇప్పుడు ఏ ఊరెళ్లినా వీధి మొదట్లోనే నవ్వడం మొదలుపెడతాం. అందరికంటే గట్టిగా నవ్వేది హవల్దారు గారే.